ఆత్మకు రేటు కార్డు

బిలాస్‌పూర్ దాటి రాయ్‌పూర్ రోడ్డు పట్టుకుంటే బోద్రీ వస్తుంది. చిన్న ఊరే. కానీ ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది అక్కడే కాబట్టి రాష్ట్రం నలుమూలల తగాదాలూ అక్కడికే చేరతాయి. ఈమధ్య వాటిలో మతం పాలు పెరిగింది. 2025 జనవరిలో బస్తర్‌లో ఒక పాస్టరు చనిపోతే సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. కొడుకు హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అక్కడ ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరికి ఇరవై రోజులు శవాగారంలో ఉన్న దేహాన్ని దూరాన వేరే ఊళ్లోని క్రైస్తవ శ్మశానానికి తీసుకెళ్లమన్నారు. అదే ఏడాది అక్టోబరు చివర, కాంకేర్ జిల్లా ఊళ్లలో పాస్టర్లు రావద్దంటూ పెట్టిన బోర్డుల కేసు వచ్చింది. ప్రలోభంతో, మోసంతో జరిగే మతమార్పిడిని ఆపడానికి పెట్టినవైతే అవి రాజ్యాంగ విరుద్ధం కావని హైకోర్టు తేల్చింది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలున్నాయి. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక రాకపోకలు సులువయ్యాయి. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లకు ‘ప్రలోభం’ అనే మాట కొత్తది కాదు. బియ్యానికి మతం మారారన్న ఎత్తిపొడుపును తాతల నాటి నుంచి వింటున్నారు. ఇలాంటి చోట నిలబడి సైంటాలజీ గురించి మాట్లాడటం వింతగా తోచవచ్చు. కానీ మతం పేరిట ఏది ఇవ్వవచ్చు, ఏది అమ్మవచ్చు అన్న ప్రశ్నను ఆ సంస్థ లేవనెత్తినంత సూటిగా గత డెబ్బై ఏళ్లలో మరొకటి లేవనెత్తలేదు.

సైంటాలజీ స్థాపకుడు ఎల్. రాన్ హబ్బర్డ్ అమెరికాలోని నెబ్రాస్కాలో 1911లో పుట్టాడు. చవక పత్రికలకు సైన్స్ కథలు రాసి బతికాడు. 1950 మేలో ‘డయానెటిక్స్’ పుస్తకం వేశాడు. అప్పటికి అది మతం కాదు, మనసుకు చికిత్స. మనిషి మనసులో ఒక పొర ప్రతి దెబ్బనూ, ప్రతి భయాన్నీ ముద్రగా దాచుకుంటుందనీ, ఆ ముద్రలను ‘ఎన్‌గ్రామ్’లు అంటారనీ, వాటిని గుర్తుకు తెచ్చుకుని చెరిపేస్తే మనిషి ‘క్లియర్’ అవుతాడనీ చెప్పాడు. నాలుగేళ్లు తిరక్కుండా, 1954లో లాస్ ఏంజెలిస్‌లో అది చర్చి అయింది. ముద్రలు ఈ జన్మవే కావన్నాడు. మనిషి అసలు స్వరూపం ‘థీటన్’ అనే అమర ఆత్మ అన్నాడు. అది కోట్ల కోట్ల ఏళ్లుగా దేహాలు మారుస్తూ వస్తోందన్నాడు.

తెలుగువాడికి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. పూర్వజన్మ వాసన అనే మాట మన ఇళ్లలో వంటింటి మాట. హబ్బర్డ్ కూడా తన బోధకు మూలపురుషుల్ని వెతుక్కుంటూ వేదాల దాకా వెళ్లాడు. పోలిక మాత్రం అక్కడితో ఆగుతుంది. మన కర్మ సిద్ధాంతంలో లెక్క ఉంది, చేసిన పాపం వెంటాడుతుంది. ఎన్‌గ్రామ్‌లో ఆ లెక్క లేదు. అది మనకు తగిలిన గాయమే తప్ప మనం చేసిన తప్పు కాదు.

క్రైస్తవం విడిపోయేది సరిగ్గా ఇక్కడే. సైంటాలజీలో మనిషి మౌలికంగా మంచివాడు, మరిచిపోయిన దేవతలాంటివాడు. క్రైస్తవంలో మనిషి సృష్టి. మంచిగానే సృష్టి అయి, పాపంలో పడ్డవాడు. ఒకచోట కావలసింది జ్ఞాపకం, ఇంకోచోట క్షమ. సైంటాలజీ చెప్పే ఎనిమిది ‘డైనమిక్స్’లో చివరిది అనంతం. దాన్నే పరమ సత్త అనీ అంటారు. దాన్ని ఎలా భావించుకోవాలో సభ్యుడి ఇష్టానికే వదిలేస్తారు. ప్రార్థన లేదని కాదు గానీ పని జరిగేది ప్రార్థనతో కాదు. ‘ఈ-మీటర్’ అనే యంత్రానికి ఉన్న రెండు డబ్బాలను చేతుల్లో పట్టుకుంటే చర్మం మీదుగా కొద్దిపాటి కరెంటు పోతుంది, ముల్లు కదులుతుంది. ఎదుట కూర్చున్న ‘ఆడిటర్’ ప్రశ్నలు వేస్తూ ముల్లు వైపు చూస్తాడు. అమెరికా ఆహార, ఔషధ శాఖ 1963లో ఈ యంత్రాలను జప్తు చేసింది. రోగాలకు ఇది మందు కాదన్న హెచ్చరికతో మత సలహాకు మాత్రమే వాడుకోవచ్చని 1971లో కోర్టు అనుమతించింది.

కథోలికుల పాపసంకీర్తనంతో దీన్ని పోల్చేవాళ్లున్నారు. పైకి రెండూ ఒకటే. ఒకడు మాట్లాడతాడు, మరొకడు వింటాడు. కానీ గురువు ముందు మోకరించినవాడు పైసా తీయడు. సైంటాలజీలో ‘ఆడిటింగ్’కు గంటల లెక్కన రేటు ఉంటుంది. ‘క్లియర్’ దాటాక పైమెట్లు ‘ఆపరేటింగ్ థీటన్’ స్థాయులు, వాటికి మరింత రేటు. మూడో స్థాయిలో చూపే రహస్య పత్రాల్లో ఏడున్నర కోట్ల ఏళ్ల కిందటి జీను అనే గ్రహాంతర పాలకుడి కథ ఉంటుంది. అమెరికా కోర్టు కేసుల వల్ల అది బయటికి వచ్చింది.

క్రైస్తవ రచయితలు చాలామంది ఆ జీను కథ దగ్గరే ఆగిపోయి నవ్వుకుంటారు. నాకది సబబుగా తోచదు. గాడిద మాట్లాడిన కథను ఆదివారం బడిలో చెప్పుకునే మనం ఇతరుల కథ వింతగా ఉందని అనకపోవడమే మేలు. అడగాల్సిన ప్రశ్న వేరు. సమరయలో సీమోను అనే గారడీవాడు పరిశుద్ధాత్మ శక్తి కోసం అపొస్తలులకు డబ్బివ్వబోయాడు, పేతురు మందలించి పంపాడు. చర్చి పదవులూ వరాలూ అమ్ముకునే నేరానికి పాశ్చాత్య భాషల్లో అతని పేరే పెట్టారు. 1517లో లూథర్ మొదట గొంతెత్తింది పాపక్షమ పత్రాల అమ్మకం మీదే. కృపకు ధర కట్టకూడదన్నది క్రైస్తవం తన రక్తం చిందించి నేర్చుకున్న పాఠం. అది పూర్తిగా వంటబట్టిందా అంటే, టీవీలో అభిషేక తైలం సీసాలు, విత్తన కానుకల బ్యాంకు ఖాతా నంబర్లు చూసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ధర సంగతిని కోర్టు నేరుగా తాకిన సందర్భం ఒకటుంది. ఆడిటింగ్‌కు చెల్లించిన డబ్బును విరాళంగా చూపి ఆదాయపు పన్ను మినహాయింపు కోరారు అమెరికా సభ్యులు. 1989లో అక్కడి సుప్రీంకోర్టు 5–2తో కాదంది. నిర్ణీత ధరకు నిర్ణీత సేవ పొందితే అది ఇచ్చిపుచ్చుకోవడమే, దానం కాదంది. గమ్మత్తేమిటంటే 1993లో పన్నుల శాఖే సంస్థతో రాజీపడి దాన్ని మత సంస్థగా గుర్తించింది, సభ్యులకు ఆ మినహాయింపు కూడా దక్కింది. అంతకుముందు, 1970లలో, ఇదే సంస్థ మనుషులు ప్రభుత్వ కార్యాలయాల్లో దూరి దస్త్రాలు దొంగిలించిన కేసులో హబ్బర్డ్ భార్యతో సహా 11 మందికి శిక్ష పడింది.

మిగతా దేశాలు తలో దారి పట్టాయి. 1965లో సైంటాలజీని నిషేధించిన విక్టోరియా రాష్ట్రం ఉన్న ఆస్ట్రేలియాలోనే, 1983లో హైకోర్టు దాన్ని మతమని తేల్చింది. మానవాతీతమైనదేదో ఉందన్న నమ్మకం, దానికి తగిన నడవడి నియమాలు ఉంటే చాలంది. మతస్వేచ్ఛ ఇచ్చినప్పుడు బూటకపు బోధకుల్ని కూడా కొంత భరించక తప్పదన్న అర్థంలో ఇద్దరు న్యాయమూర్తులు రాశారు. లండన్ ప్రార్థనా మందిరంలో పెళ్లి చేసుకోవాలన్న ఒక యువతికి 2013లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ హక్కు ఇచ్చింది. ఫ్రాన్స్ మాత్రం నమ్మకం జోలికి పోకుండా అమ్మకం తీరును పట్టుకుంది. 2009లో వ్యవస్థీకృత మోసం కింద శిక్షించింది, 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది.

సైంటాలజీ అసలు మతమే కాదని చెప్పడం క్రైస్తవులకు తేలిక. ఆ మాట నోరు జారే ముందు, మతమేదో తేల్చే త్రాసును సర్కారు చేతికి ఇస్తున్నామని గుర్తుంచుకోవాలి. మన సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో మతానికి దేవుడు తప్పనిసరి కాదంది. బౌద్ధ, జైనాలను ఉదాహరణగా చూపింది. 1982లో ఆరోవిల్ కేసులో అరవిందుల బోధ మతం కాదు, తత్త్వం అంది. ఆ త్రాసు ఎప్పుడు ఎటు మొగ్గుతుందో ముందుగా చెప్పగలవాళ్లు లేరు.

ఛత్తీస్‌గఢ్‌కు ఆ త్రాసుతో పాత అనుభవం ఉంది. 1968 నాటి మధ్యప్రదేశ్ ధర్మ స్వాతంత్ర్య చట్టం కింద బలోదా బజార్ మేజిస్ట్రేటు అనుమతితో ఫాదర్ స్టానిస్లాస్ అనే క్రైస్తవ గురువుపై కేసు నడిచింది. మతం మార్చినట్టు అధికారికి తెలియజేయాలన్న నిబంధన దగ్గర ఆయన ఎదురు తిరిగారు. 1977 జనవరి 17న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చట్టాన్ని నిలబెట్టింది. ప్రచారం చేసే హక్కులో మతం మార్చే హక్కు లేదంది. రాష్ట్రం విడిపోయాక ఆ చట్టమే ఛత్తీస్‌గఢ్‌కు సంక్రమించింది.

ఆ చట్టం బలవంతాన్నీ, మోసాన్నీ, ప్రలోభాన్నీ నిషేధించింది. ప్రలోభమంటే నగదో వస్తువో కానుకగా ఇవ్వడం, ఏదో ఒక లాభం చూపడం. బస్తర్‌లో పేషెంటుకు ఉచితంగా మందు ఇచ్చి పక్కనే ప్రార్థన చేసినవాడు ఆ మాట కింద అనుమానితుడవుతాడు. ఈ-మీటర్ పట్టుకుని ఎవరైనా బోద్రీ వైపు వస్తే అతను ఎవరికీ ఏమీ ఇవ్వడు, తీసుకుంటాడు. ఉన్న మతం వదులుకోమని కూడా అడగడు. క్రైస్తవులు క్రైస్తవులుగానే సైంటాలజీలో ఉండవచ్చని సంస్థ చెబుతుంది. క్రీస్తు కథ కూడా ఆత్మల్లో నాటిన భ్రమేనన్నట్టు హబ్బర్డ్ 1968లో మాట్లాడిన సంగతి మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు చెప్పరు. మతమే మారనప్పుడు మేజిస్ట్రేటుకు తెలియజేయాల్సింది కూడా ఏమీ ఉండదు. మందు బిళ్ల ఇచ్చిన నర్సు సంజాయిషీ రాసుకోవాలి. రసీదు ఇచ్చిన ఆడిటర్ దగ్గర మాత్రం ఆ రసీదే ఉంటుంది.