ఓపెనింగ్ బ్యాలెన్స్

కిందటి సంవత్సరం మా అత్తగారు చెన్నైలో మా ఇంట్లోనే కన్నుమూశారు. ఆమెది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. నేను గుంటూరు లూథరన్ ఇంట పుట్టినవాణ్ణి. భూస్థాపన గురించి అడగబోతే ఒక సంఘం పెద్దలు, "ఆమె పేరు మా రిజిస్టర్లో లేదండీ, మీ ఊరి సంఘం నుంచి ఉత్తరం తెప్పించండి" అన్నారు. మండువేసవి. ఇంట్లో పార్థివదేహం. ఆ పూటకి ఆ పూట ఉత్తరం ఎక్కణ్ణుంచి వస్తుంది? చివరికి ఒక సీఎస్ఐ పాస్టరు గారు, "ముందు ప్రార్థన కానివ్వండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటూ వచ్చారు. ఆ రాత్రి మా హాల్లో మూడు సంఘాల వాళ్ళూ కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ ఉన్న పుస్తకం మాత్రం ఒకటే: 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'.

బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక నాకు ఇలాంటప్పుడు విలీనాలు గుర్తొస్తాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పేరు పోయిందని మనలో చాలామంది బాధపడ్డాం. అయితే పాత ఖాతాదారులను ఎవరూ మళ్ళీ కొత్తగా ఖాతా తెరవమనలేదు. పాత పుస్తకంలోని నిల్వే కొత్త పుస్తకంలో ఓపెనింగ్ బ్యాలెన్స్ అయింది.

దక్షిణ భారత సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడినప్పుడూ జరిగింది ఇదే. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సమావేశమై, మనం వేరువేరుగా ఉండటం తగదని ఒక ప్రకటన చేశారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నడిచినవారిలో బిషప్ వి.ఎస్. అజరయ్య గారొకరు. పుట్టింది తిరునల్వేలి ప్రాంతంలోని తమిళ కుటుంబంలో. 1912 నుంచి దోర్నకల్ బిషప్‌గా జీవితమంతా ధారపోసింది తెలుగువారికి. ఆ తర్వాత చర్చలు 28 ఏళ్ళు సాగాయి. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఫలితం చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ కలిసిన మరో సంఘమూ ఒక్కటయ్యారు.

పెద్ద చిక్కు పాస్టర్ల దగ్గర వచ్చింది. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందనివారిని ఆంగ్లికన్లు ఎలా అంగీకరించాలి? ఎవరికీ రెండోసారి అభిషేకం అక్కర్లేదని, ఉన్నవారిని ఉన్నట్టే స్వీకరించాలని నిర్ణయించారు. ఇకపై అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారన్నారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి ఇష్టంలేని పాస్టరును రుద్దబోమని మాట ఇచ్చారు. పూర్తిగా సర్దుకోవడానికి 30 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు. అయినా నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో కొందరు అప్పట్లో కలవలేదు. లూథరన్లు, బాప్టిస్టులు ఈనాటికీ వేరుగానే ఉన్నారు.

తేడాలు లేవని నేననను. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలా, విశ్వాసం ఒప్పుకున్నాకే ఇవ్వాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. అది పండితులు తేల్చాలి. కాని చావుకీ పెళ్ళికీ ఆ తీర్పు కోసం ఆగవలసిన పని లేదు కదా!

పరాయి రాష్ట్రాల్లో ఉన్న మనకు ఈ ఆలస్యం మరీ ఖరీదైనది. మన తెలుగు ఆరాధనలకు వచ్చేవాళ్ళే కొద్దిమంది. ఆ కొద్దిమందీ మూడు చోట్లకు చీలితే పిల్లలు తెలుగు కీర్తన ఎక్కడ నేర్చుకుంటారు? పురుషోత్తమ చౌదరి గారు కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందారు. అయినా ఆయన కీర్తనలు పాడటానికి మా లూథరన్లు ఎవరి దగ్గరా ఉత్తరం అడగలేదు.

కనుక నాదొక మనవి. మీ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు విశ్వాసిని ఏ సంఘమని అడిగే ముందు, ఏం సాయం కావాలో అడగండి. ఈ క్రిస్మస్‌కు ఒక సాయంత్రం అన్ని సంఘాల వారూ కలిసి, ఆ ఒక్క పుస్తకం తెరిచి కూర్చోండి. మిగతా లెక్కలు నెమ్మదిగా సరిచూసుకోవచ్చు. ఓపెనింగ్ బ్యాలెన్స్ మాత్రం ఉన్నది ఉన్నట్టుగా రాసుకుందాం.