ఎర్రరక్తం గుల్ల

పీలర్లు రాకముందు పల్లెటూరి వంటింట్లో మామిడికాయ చెక్కు తీయడానికి ఆల్చిప్పే ఆధారం. నడిమధ్య అరగదీసి చిల్లు పెడితే చాలు, చెక్కు సన్నగా లేచొచ్చేది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని బీబీపేట లాంటి ఊళ్లలో ఆల్చిప్ప అంటే చెరువు బురదలో దొరికేదే. అది మంచినీటి జీవి. దాని రక్తానికి రంగుండదు. రెండు చిప్పల జీవుల్లో చాలావాటి సంగతి అంతే.

కానీ వాటి సముద్రపు చుట్టాల్లో ఒకటి వేరు. చిప్ప విప్పితే అచ్చం మనిషి రక్తంలాంటి ఎరుపు! అదే అనదారా ప్రజాతి. మన రక్తానికి రంగునిచ్చే హిమోగ్లోబినే దీనికీ ఉంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో బతకాలి కదా... దొరికిన కాస్తనూ ఒడిసిపట్టేది అదే.

కాకినాడ అంటే కాజా ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకు తెలియకపోవచ్చుగానీ, ఈ గుల్లలకూ ఆ ఊరు పేరుమోసిందే. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో అక్కడి సముద్రం పెద్దగా ఎగసిపడదు. అడుగున మెత్తటి బురద. అందులో అనదారా గ్రనోసా పెరుగుతుంది. బొద్దుగా, పైన సుమారు 20 గట్లు, వాటి మీద గింజల్లాంటి బొడిపెలు. లాటిన్‌లో గ్రనోసా అంటే గింజలున్నదనే. శాస్త్రవేత్తలు ఇప్పుడు దీన్ని టెగిలార్కా గ్రనోసా అంటున్నారు. కాకినాడ గుల్లల జీవితచక్రంపై కె.ఎ.నరసింహం ఏళ్లతరబడి పరిశోధించారు. స్థానికులు మాత్రం గుల్లల్ని ఏరి, కాల్చి సున్నం చేసేవారు.

మలేసియాలో దీన్ని తీరం వెంట బురదలో సాగుచేస్తారు. నూడుల్స్‌లో ఇది పడాల్సిందే. చైనావాళ్లకూ మహా ఇష్టం. అక్కడే వచ్చింది చిక్కు. ఈ గుల్ల నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవుల్ని తింటుంది. నీళ్లలో మురుగు కలిస్తే వైరస్‌లూ లోపలికి చేరతాయి. 1988 మొదట్లో షాంఘైలో జరిగింది అదే. ఇదే ప్రజాతికి చెందిన సబ్‌క్రెనాటా గుల్లలు తిన్నవాళ్లతో మొదలై, దాదాపు 3 లక్షల మందికి హెపటైటిస్-ఎ సోకింది. ఆస్పత్రులు చాలక బళ్లలో, ఫ్యాక్టరీల్లో మంచాలు వేశారు.

గుల్ల లోపల 90 డిగ్రీల వేడి నిమిషంన్నర ఉంటే ఆ వైరస్ చచ్చిపోతుంది. కానీ షాంఘైవాసులు వేడినీళ్లలో అలా ముంచి తీసేవారు. బాగా ఉడికిస్తే ఎర్రటి రసం పోతుంది మరి. రుచంతా అందులోనే ఉందని వాళ్ల నమ్మకం!