శిక్షణకూ శిక్షకూ నడుమ

సూరత్ నగరంలో పురపాలక పాఠశాలల నిర్వహణ చూచే సంస్థకు ‘నగర ప్రాథమిక శిక్షణ సమితి’ అని పేరు. గుజరాతీలో శిక్షణ అంటే విద్య. శిక్ష అంటే, మనకు వలెనే, దండన. ఒకే ధాతువు నుండి పుట్టిన ఈ రెండు మాటల నడుమ ఉపాధ్యాయుడు నిలిచి ఉన్నాడు. అతనిని అదుపులో ఉంచే అధికారం ఎవరిది, ఎంతవరకు అన్న ప్రశ్నకు పార్లమెంటు నేటికీ పూర్తి సమాధానం చెప్పలేదు. ఈ సంగతి పార్లమెంటు గ్యాలరీలో కంటె సూరత్ వీథులలోనే నాకు స్పష్టంగా బోధపడినది.

బ్రతుకుతెరువు కోసం తెలంగాణ నుండి తరలివచ్చిన నేత కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడినవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ పాఠశాలలు నడుపుతూ వచ్చినది. పొద్దస్తమానం మరమగ్గాల ముందు నిలబడే తండ్రికి, తన బిడ్డ ఎవరి వద్ద చదువుతున్నదో, ఆ పంతులు నడవడి ఎటువంటిదో విచారించే తీరిక ఎక్కడిది? ఆ విచారణ అతని పక్షాన ప్రభుత్వం చేయాలి. ప్రజాప్రయోజనం అన్న మాటకు ఇంతకు మించిన అర్థం లేదు.

2019 మే 24న ఈ నగరంలోని సర్థాణా ప్రాంతంలో తక్షశిల ఆర్కేడ్ అనే భవనం అంటుకొని 22 నిండు ప్రాణాలు బలి అయినవి. వారిలో అత్యధికులు పై అంతస్తులో ట్యూషన్ తరగతులకు వచ్చిన విద్యార్థులు. పొగకు తాళలేక పిల్లలు క్రిందికి దూకిన దృశ్యాన్ని దేశమంతా చూచినది. పిమ్మట అరెస్టులు జరిగినవి, అగ్నిమాపక నిబంధనల తనిఖీలూ జరిగినవి. మంచిదే. కాని అక్కడ పాఠం చెప్పేవారెవరు, వారి అర్హత ఏమిటి, బాధ్యత ఏమిటి అని అంతకు ముందు అడిగే నాథుడు లేడు.

పాఠశాల పంతులు సంగతి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అతని చుట్టూ కట్టుదిట్టమైన కంచె వేసినది. 17వ సెక్షను ప్రకారం పిల్లలను కొట్టరాదు, మానసికంగా వేధించరాదు. 24వ సెక్షను ప్రకారం వేళకు రావాలి, పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలి. తప్పితే క్రమశిక్షణ చర్య. 28వ సెక్షను ప్రకారం ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదు. కేవలం ట్యూషనే వృత్తిగా గలవానికి వీటిలో ఏదీ వర్తించదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, పట్టభద్రులు కానివారిని, నైతిక పతనంతో కూడిన నేరాలలో శిక్ష పడినవారిని కోచింగ్ కేంద్రాలలో నియమించరాదని మార్గదర్శకాలు వెలువరించినది. మార్గదర్శకం చట్టం కాదు. 1976 నాటి 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాకు మారినా, బాధ్యత మాత్రం ఉమ్మడి కాలేదు. ఢిల్లీ రాష్ట్రాల వైపు చూస్తుంది, రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూస్తాయి.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. తప్పు చేసిన న్యాయవాది పేరును, వైద్యుని పేరును వృత్తి పట్టిక నుండి తొలగించవచ్చు. ఉపాధ్యాయులకు అటువంటి జాతీయ పట్టికే లేదు. 1993 చట్టం క్రింద ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి అర్హతలను నిర్ణయించగలదే గాని, దుర్మార్గుడైన ఉపాధ్యాయుని వృత్తి నుండి వెలివేయలేదు. ఒకచోట ఉద్యోగం పోయినవాడు మరొక ఊరిలో ట్యూషన్ బోర్డు కట్టుకొంటే కాదనేవారు లేరు. అర్హత విషయంలో మాత్రం ఎంత పట్టుదల! అయిదేండ్లకు మించి సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు రెండేండ్లలో అర్హత పరీక్ష ప్యాసు కావలసిందేనని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. జ్ఞానాన్ని పరీక్షించే దేశం నడవడిని పరీక్షించనక్కరలేదా?

ఉపాధ్యాయ సంఘాల భయం కూడ నిరాధారమైనది కాదు. మన రాష్ట్రాలలో క్రమశిక్షణ అంటే చాలాకాలంగా బదిలీ అనే అర్థం. ఎమ్మెల్యేకు నచ్చని పంతులూ, పిల్లలకు ముప్పుగా మారిన పంతులూ ఒకే మారుమూల పల్లెకు పోతారు. మొదటి బదిలీ పంతులుకు అన్యాయం. రెండవది ఆ పల్లె పిల్లలకు అన్యాయం. ఒక నవోదయ విద్యాలయ ఉపాధ్యాయుని వ్యాజ్యంలో, బాలికలను బహిరంగ ప్రశ్నల పాలు చేయకుండా, పూర్తిస్థాయి విచారణ లేకనే తొలగించిన నిర్ణయాన్ని సుప్రీంకోర్టు సమర్థించినది. అటువంటి అసాధారణాధికారం ఉండవలసిందే. అది రాజకీయ నాయకుల చేతిలో మాత్రం ఉండరాదు.

ఇంగ్లండులో విచారణ సంఘం ముందు జరిగినా, నిషేధపు ఉత్తర్వు మంత్రి పేరిటనే వెలువడుతుంది. స్కాట్లండులో 1965 చట్టంతో ఏర్పడిన ఉపాధ్యాయ మండలి 2012 నుండి ప్రభుత్వం అదుపులో లేని స్వతంత్ర సంస్థ. మనకు ఆదర్శం కావలసినది రెండవది. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, న్యాయకోవిదులు గల మండలి. పాఠశాల పంతులుకూ ట్యూషన్ పంతులుకూ ఒకే పట్టిక. ఆరోపణకు గడువు లోపల విచారణ, అప్పీలు హక్కు. నిర్దోషి అయితే ఆ మాట కూడ బహిరంగ ప్రకటన. ఇందుకు పార్లమెంటు చట్టం చేయాలి.

శాసనమండలిలో పన్నెండవ వంతు స్థానాలకు ప్రతినిధులను ఎన్నుకొనే గౌరవాన్ని రాజ్యాంగం ఉపాధ్యాయులకు ఇచ్చినది. ఆ గౌరవానికి తగిన జవాబుదారీతనాన్ని కోరడం అవమానం కాజాలదు. మరమగ్గం ముందు నిలబడిన తండ్రి పంతులును అనుమానించడం లేదు, నమ్ముతున్నాడు. ఆ నమ్మకానికి పూచీ పడవలసిన వారు ఇంకా ముందుకు రాలేదు.