మావయ్యకి ఏ రంపం కొనాలి?

మొన్న పండక్కి విజయనగరం వెళ్తే, కంసాలి పని చేసే మా మావయ్య పట్టుకున్నాడు. "ఒరే ఇంజినీరూ, రేకు కోసే చిన్న మెషీను ఆన్‌లైన్‌లో ఒకటి సూసి పెట్రా, సెయ్యి నొప్పెడతంది" అని. స్క్రోల్ సా అన్నమాట. మనమసలే సాఫ్ట్‌వేరు కదా, వివరాలన్నీ ఎక్సెల్‌లో పెట్టేశా :)

తీరా చూస్తే అవన్నీ చెక్క కోసేవాళ్ళ కోసం చేసినవి. చాలావాటి వేగం నిమిషానికి 400 నుంచి 1600 సార్లు. రేకుకి ఆ అడుగు వేగమే కావాలి, లేకపోతే బ్లేడు వేడెక్కి టప్పున తెగుతుంది. పిన్నున్న బ్లేడే పట్టే రకం అసలొద్దు, కంసాలి సన్న బ్లేడ్లకి పిన్నులుండవు. 0.6 మి.మీ. రేకు ఉత్తినే పెడితే పళ్ళకి తగులుకుని ఎగిరిపడుతుంది, పల్చటి ప్లైవుడ్ ముక్క మీద అంటించి కొయ్యాలి.

అసలు సంగతి వేరే ఉంది. గీత కనపడాలని పొట్టు ఊదేసే గొట్టం ఒకటి పెడతారు వీటికి. చెక్కకి బానే ఉంటుంది, మరి బంగారానికో? మావయ్య పళ్ళెంలో పోగేసుకునే రజను గదంతా చిమ్మేస్తుంది! అది ఖాతాదారు బంగారం. తూకంలో తేడా వస్తే పోయేది ఆయన మాట.

అంచేత నా ఓటు, బంగారానికి చేతి రంపమే. మంచి పిడి ఉన్న కొత్త ఫ్రేము కొని, బ్లేడుకి కాస్త మైనం రాస్తే చేతికి బరువు తగ్గుతుంది. రాగి, ఇత్తడి నగలు ఎక్కువగా కోసేవాళ్ళకైతేనే మెషీను, అదీ వేగం తగ్గేది, ఊదుడు ఆపుకునేది.

ఇదంతా చెప్తే మావయ్య, "ఏటి, ఇన్నాళ్ళూ అదే కదరా సేస్తన్నాను" అన్నాడు. ఫ్రేము మాత్రం కొనమన్నాడు.