అమ్మ చేతికి ఏ తుపాకీ?

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మకు ఏం కొనివ్వాలని అడిగితే బీపీ మిషనో, మోకాళ్ల పట్టీయో, మెత్తటి చెప్పులో కొనమని చెప్పేవాళ్లం. ఇప్పుడు అక్కడే స్థిరపడిపోయిన అమ్మల గురించి ఇంకో ప్రశ్న వినిపిస్తోంది. "నాన్నగారు పోయారు. అమ్మ ఆ ఇల్లు వదిలి రానంటోంది. రాత్రిళ్లు ఒక్కతే ఉంటుంది. ఓ రివాల్వర్ కొనిద్దామనుకుంటున్నాం. పెద్దావిడ కదా, తేలిగ్గా ఉండేది ఏది మంచిది?" అని. ఈ ఆర్నెల్లలో నన్ను ఇద్దరు అడిగారు. ఇద్దరూ కొడుకులే. అమ్మ ఏమంటోందని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

తుపాకీ మాట వినగానే చెవులు మూసుకోవడం నా ఉద్దేశం కాదు. టెక్సస్ లాంటి చోట పక్కింటి అరవయ్యేళ్లావిడ దగ్గర పిస్తోలు ఉండటం వింతేమీ కాదు. మనం తెలిసింది చెప్పకపోతే కౌంటరు వెనకున్న దుకాణదారు చెబుతాడు. ఆడవాళ్లకనగానే అతను తీసి చూపించేది చాలాసార్లు ఒకటే: చిన్నది, తేలికది, హ్యాండ్‌బ్యాగులో పట్టేది. నా అభ్యంతరమంతా అక్కడే.

ముందు చట్టం సంగతి. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లులకు ఈ చర్చ దాదాపు అక్కర్లేదు. అలాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికిగానీ దగ్గర ఉంచుకోవడానికిగానీ అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు వంటి ఒకటి రెండు మినహాయింపులున్నా, అవి మన అమ్మలకు వర్తించేవి కావు. అల్లుడుగారి సొరుగులో ఉంది కదా, అవసరానికి అత్తగారు తీసుకుంటారులే అనుకోవడం కూడా ప్రమాదమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, పౌరసత్వం వచ్చినవాళ్లు కొనుక్కోవచ్చు. దుకాణంలో ఫారం నింపాలి, పాత నేరాల తనిఖీ జరుగుతుంది. ఆపై నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి.

ఇక ఆ 'తేలిక' సంగతి. ఆడవాళ్ల పేరు పెట్టి తుపాకీ అమ్మడం కొత్తేమీ కాదు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1980ల చివర 'లేడీస్మిత్' పేరుతో చిన్న రివాల్వర్లు మార్కెట్లోకి తెచ్చింది. మన దేశమూ తక్కువ తినలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే .32 రివాల్వర్‌ను మహిళల కోసమంటూ విడుదల చేసింది. బరువు అరకిలో. ధర అప్పట్లో 1,22,360 రూపాయలు. పెట్టి నగల పెట్టెలా, ముదురు మెరూన్ రంగులో! పెట్టె రంగు మీద పెట్టిన శ్రద్ధ చూస్తే, కొనేవాళ్లను ఎలా ఊహించుకున్నారో తెలుస్తుంది.

తేలికైతే మంచిదే కదా అంటారా? సంచిలో మోసేటప్పుడు మంచిదే. పేల్చేటప్పుడు మాత్రం కాదు. గుండు ముందుకు పోయే జోరుకు తుపాకీ వెనక్కి తంతుంది. ఆ తాపును మింగేది తుపాకీ బరువే. అదే .38 గుండు కిలో బరువున్న ఉక్కు రివాల్వర్‌లో పేలిస్తే చేతికి ఒక నెట్టుడులా ఉంటుంది. నాలుగు వందల గ్రాముల అల్యూమినియం రివాల్వర్‌లో పేలిస్తే అరచేతి మీద కర్రతో కొట్టినట్టుంటుంది. కీళ్లు అరిగిన మణికట్టుకు ఈ తేడా చిన్నది కాదు.

అంతకంటే పెద్ద చిక్కు ట్రిగ్గర్. చిన్న రివాల్వర్లలో ట్రిగ్గర్ నొక్కితేనే లోపలి సుత్తి వెనక్కి వెళ్లి, గుండ్ల చక్రం తిరిగి, సుత్తి ముందుకొచ్చి కొడుతుంది. ఈ పనంతా చేయాల్సింది మీ చూపుడువేలే. దానికి కావలసిన బలం సుమారు అయిదు కిలోలు. అయిదు కిలోల బియ్యం సంచీని ఒక్క వేలికి తగిలించుకున్నట్టు ఊహించుకోండి. అంత గట్టిగా లాగుతూ, అరకిలో కూడా లేని వస్తువును కదలకుండా పట్టుకోవాలి. పైగా దాని గొట్టం పొట్టిది. ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తక్కువ కావడంతో చెయ్యి కాస్త వణికినా గుండు ఎక్కడికో పోతుంది. రాత్రి పూట గది అవతలికి గురి తప్పిన గుండు ఎవరి గోడలోకి దూరుతుందో ఆలోచించండి. ఇలాంటి తుపాకీ బాగా అలవాటున్నవాళ్ల ఆయుధం. దాన్నే మొదటిసారి పట్టుకునే పెద్దావిడకు సిఫారసు చేస్తున్నారు!

వరసకు నాకు పిన్ని అయ్యే ఒకావిడ సంగతే చెబుతాను. అరవై ఏడేళ్లు, వేళ్ల కణుపుల్లో వాపు. కొడుకు ముచ్చటపడి అయిదు గుండ్ల రివాల్వర్ కొని తెచ్చాడు. రేంజికి వెళ్లి రెండుసార్లు పేల్చింది. మూడోసారి ట్రిగ్గర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది, వేలు మాట వినలేదు. ఆ తర్వాత అది బీరువాలో పట్టుచీరల కిందికి చేరింది. సాధన లేని తుపాకీ ఇంట్లో ఉండటం, అసలు లేకపోవడం కంటే హీనం. కొన్నాళ్లకు ఆమే పట్టుబట్టి మళ్లీ రేంజికి వెళ్లి, అద్దెకిచ్చే తుపాకులు నాలుగైదు పేల్చి చూసింది. అమెరికాలో చాలా రేంజిల్లో ఈ సౌకర్యం ఉంది. చెప్పులు కూడా వేసుకుని చూడందే కొనం కదా, వందల డాలర్లు పోసి దీన్ని మాత్రం ఎవరో చెప్పారని కొంటామా?

పిస్తోళ్లలో ఇబ్బంది వేరు. మొదటి గుండు లోపలికి వెళ్లాలంటే పైనుండే స్లైడును వెనక్కి లాగి వదలాలి. దాని స్ప్రింగు గట్టిది. చాలామంది పెద్దవాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. నేర్పేవాడు బాగుంటే ఒక కిటుకు చెబుతాడు: స్లైడును లాగకండి, ఎడమచేత్తో దాన్ని గట్టిగా బిగించి పట్టుకుని, కుడిచేతిలోని పిడిని ముందుకు తొయ్యండి అని. భుజం బలం సాయానికి వస్తుంది. అప్పటికీ కాకపోతే మెత్తటి స్ప్రింగుతో వచ్చేవి ఉన్నాయి. 2018లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన .380 షీల్డ్ ఈజీ ఈ కోవలోదే. బరువు అరకిలో పైన, స్లైడు సులువుగా కదులుతుంది, మ్యాగజైనులో గుండ్లు నింపేటప్పుడు బొటనవేలికి నొప్పి లేకుండా పక్కన చిన్న బొడిపె ఉంటుంది. కాకపోతే పిడి వెనకున్న మీటను అరచెయ్యి పూర్తిగా నొక్కితేనే పేలుతుంది. పట్టు సడలినవాళ్లు ఇది కూడా పరీక్షించుకోవాలి. .22 గుండుకు తాపు చాలా తక్కువ. పెద్దవాళ్లు ఇష్టంగా సాధన చేసేది దానితోనే. కానీ బలం తక్కువ, పేలకుండా మొరాయించే గుండ్లూ ఎక్కువే. అయినా చేతికి అలివిమాలిన పెద్దదాని కంటే, గురి కుదిరే చిన్నదే నయమంటాను.

కళ్లద్దాల సంగతి ఎవరికీ గుర్తు రాదు. గురి చూసేటప్పుడు చూపు నిలవాల్సింది తుపాకీ ముందున్న చిన్న బొడిపె మీద. బైఫోకల్ వాడేవాళ్లు పై అద్దంలోంచి చూస్తే అది మసక, కింది అద్దంలోంచి చూడాలంటే తల వెనక్కి వాల్చాలి. నిద్రలో లేచి ముందు అద్దాలు వెతుక్కోవాల్సినవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోక తప్పదు.

కొన్నాక ఎక్కడ పెడతారన్నది అసలు పరీక్ష. తలగడ కింద, బీరువాలో చీరల మడతల్లో, సొరుగులో మందుల డబ్బా పక్కన... ఇవేవీ చోట్లు కావు. సెలవులకొచ్చిన మనవడికి అమ్మమ్మ ఇంట్లో తెలియని చోటుంటుందా? మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న ఉక్కు పెట్టెలు దొరుకుతాయి. చీకట్లో వేళ్లతో తడిమి తెరవగలిగేదాన్ని ఎంచుకోవాలి. అది మంచానికో గోడకో బిగించి ఉండాలి. తుపాకీకి పెట్టే డబ్బులో ఈ పెట్టె డబ్బు కూడా కలిపి లెక్కేసుకోండి.

ఇంకొక మాట. దీన్ని పైకి అనడానికి ఇళ్లల్లో జంకుతారు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన 48,830 ప్రాణాల్లో 26,328 ఆత్మహత్యలు. సగానికి మించి! భర్త పోయిన ఏడాదిలోపు, ఇల్లంతా నిశ్శబ్దమైపోయిన వేళ, తిండీ నిద్రా సరిగా లేని మనిషి పక్కన తుపాకీ పెట్టడం రక్షణేనా? సరిగ్గా అలాంటి ఏడాదిలోనే పిల్లలకు ఈ ఆలోచన వస్తోంది. ఆ ఏడాది గడవనివ్వండి, లేదా అమ్మ తేరుకుందని మీకు గట్టిగా అనిపించే దాకా ఆగండి. అలాగే మతిమరుపు ముదిరి కోడలిని ఎవరో అనుకునే రోజొస్తే, ఆ పెట్టె తాళం ఎవరు తీసుకోవాలి? కొనేనాడే, అమ్మ మంచి తెలివిలో ఉండగానే, ఆమె నోటితోనే ఒక పేరు చెప్పించుకోవాలి. తర్వాత లాక్కుంటే అవమానమవుతుంది.

మన దగ్గర చట్టం నడిచే దారే వేరు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకీ ముట్టుకోకూడదు. పోలీసు విచారణ, భద్రతా శిక్షణ, జిల్లా మేజిస్ట్రేటో పోలీసు కమిషనరో ఇచ్చే అనుమతి... అంత తతంగముంది. ఎన్నికలొస్తే స్టేషనులో జమచేయాలని కబురొస్తుంది. ఇక్కడ చాలామంది ఆడవాళ్ల చేతికి మొదటి తుపాకీ కొనుగోలుతో రాదు, భర్త పోయాక బీరువాలోంచి బయటపడుతుంది. ఆయన లైసెన్సు ఆయనతోనే పోయింది కాబట్టి ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలి. ఉంచుకోవాలంటే వారసురాలిగా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్దకర్మ హడావిడిలో ఎవరూ ఈ మాట చెప్పరు, తర్వాత చట్టం అడిగేది ఆవిడనే. 2016 ఆయుధాల నిబంధనల్లో ఇంకో విశేషముంది. లైసెన్సున్న వ్యక్తికి 70 ఏళ్లు వస్తే తుపాకీని వారసులకు బదిలీ చేయమని కోరవచ్చు. అంటే దాన్ని దించుకునే వయసు ఒకటుందని చట్టమే ఒప్పుకుంటోంది. ఆ వయసు దగ్గరపడ్డాక మొదటిసారి ఎత్తుకోమంటున్నాం మనం.

ఆత్మరక్షణ హక్కు ఉందిగా అంటారు. ఉంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. కానీ అవసరానికి మించి హాని చేయకూడదనీ, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు వాడకూడదనీ అందులోనే ఉంది.

నన్నడిగిన ఆ కొడుకులిద్దరికీ నేను చెప్పిందొకటే. ముందు అమ్మనడగండి. కావాలంటే ఆమె చేత్తో, ఆమెకు నచ్చిన శిక్షకురాలి దగ్గర పేల్చి చూడనివ్వండి. మీరు బయట కూర్చోండి. వద్దంటే బతిమాలొద్దు. ఎటు తేల్చుకున్నా ఈలోగా తలుపు చట్రంలో పొడవాటి స్క్రూలు వేయించండి, పడగ్గదికి లోపలి నుంచి గట్టి గడియ పెట్టించండి, వాకిట్లో మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టించండి. సెల్‌ఫోన్ ఛార్జరు హాల్లో కాకుండా మంచం పక్కకు మార్చండి. 911కు ఫోను చేసి "తెలుగు" అని ఒక్క మాట అంటే, చాలాచోట్ల దుబాసీని లైన్లోకి తెస్తారు. ఈ సంగతి తెలియక, ఇంగ్లీషు రాదన్న బిడియంతో ఆ నంబరు నొక్కని అమ్మలున్నారు. ఇంటి నంబరు, వీధి పేరు ఇంగ్లీషులో ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద ఒకటి, మంచం పక్కన ఒకటి అంటించండి. రెండు మూడుసార్లు ఆమె చేత పైకి చదివించండి.