మిల్లు ఢాకాకు పోలేదు

ఆదోనిలో మూతపడ్డ మిల్లుల మాట ఎత్తితే చాలు, చదువుకున్నవాళ్లు ఒకే పాట అందుకుంటారు. కూలి చవగ్గా దొరికే దేశాలకు బట్టల పని పోయిందట, బంగ్లాదేశ్, వియత్నాం ఎత్తుకుపోయాయట, ఎవరేం చేయగలరట. ఆ చివరి మాట అనడానికే ముందు రెండూ అంటారని నా అనుమానం.

చవక కూలే కావాలంటే మిల్లులు పరిగెత్తుకుంటూ ఇక్కడికే రావాలి. ఆదోని పక్కనున్న కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లు ఏటా సుగ్గికి, అంటే వలస పనికి, కదులుతాయి. బియ్యం మూట, వంటగిన్నెలు, బడి మాన్పించిన పిల్లలతో సహా గుంటూరు మిరప చేలకు పోయే ఈ జనం, ఇంటి దగ్గర నెలంతా పని దొరికితే అంతకన్నా ఏమీ అడగరు.

పోనీ, పత్తి లేదా? ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తిని జిన్నింగులో గింజ తీసి, మూడో వంతు మిగిలే దూదిని 170 కిలోల చొప్పున బేళ్లుగా బిగిస్తారు. ఆ బేళ్లు తమిళనాడు దారి కూడా పడతాయి. కోయంబత్తూరు మిల్లులకు అక్కడి పత్తి ఏ మూలకూ చాలదు. ఇతర రాష్ట్రాల్లో కొని నూలు వడుకుతారు, తిరుప్పూరులో బనియన్లు కుడతారు. పనివాళ్లను ఒడిశా, బీహార్ల నుంచి తెచ్చుకుని మరీ నడుపుతున్నారు. మన పని సముద్రం దాటలేదు, హోసూరు దాటింది.

ఆదోని కాటన్ మిల్లు సంగతే చూడండి. 1974 చట్టంతో కేంద్రం తీసుకున్న 103 ఖాయిలా మిల్లుల్లో అదొకటి. యజమాని జాతీయ జౌళి సంస్థ (ఎన్‌టీసీ), అంటే ప్రభుత్వమే. పాత యంత్రాలు మార్చడానికి చాలినంత డబ్బు పెట్టలేదు. 1990లలో సంస్థ ఖాయిలా పరిశ్రమల వ్యవహారం చూసే బీఐఎఫ్ఆర్ గుమ్మం ఎక్కింది. ఆ తర్వాత దేశమంతటా 70కి పైగా మిల్లులు మూసి, కార్మికులను వీఆర్‌ఎస్‌తో పంపేసి, స్థలాలు అమ్మకానికి పెట్టారు. ఇందులో ఢాకా చేసిందేమిటి?

పక్కనే ఉన్న ఎమ్మిగనూరు కథ మరోటి. 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘం దేశానికే పేరు తెచ్చింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. కొన్ని రకాల దుప్పట్లు, తువ్వాళ్లు మగ్గం మీదే నేయాలని 1985లో చట్టం చేశారు, 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అయినా ఏ బట్టల దుకాణంలోకైనా వెళ్లి చూడండి, మరమగ్గం దుప్పటి దర్జాగా కూర్చుని ఉంటుంది. అది సోలాపూరుదో ఈరోడుదో అయి ఉంటుంది, విదేశానిది కాదు.

బంగ్లాదేశ్ పోటీ అబద్ధమనను. 2005లో ప్రపంచ బట్టల వ్యాపారంలో కోటాలు పోయాయి, 2011లో మనమే వాళ్ల దుస్తులకు సుంకం ఎత్తేశాం. ఆ దెబ్బ తగిలేది చొక్కాలు కుట్టే ఊళ్లకు. ఆదోనిని నూలు దాటి కుట్టుపని దాకా రానిస్తే కదా! పైగా ఆ దేశంలో పత్తి దాదాపు పండదు. దిగుమతి చేసుకున్న దూదితోనే, సర్కారు వెన్నుదన్నుతో అంత ఎత్తుకు ఎదిగింది.

2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం తాత్కాలికంగా ఎత్తేసింది. మిల్లులకు ఊరట అన్నారు. ఊరట కోయంబత్తూరుది, పోటీ ఆదోని యార్డులో పత్తి దింపే రైతుది. ఆ సంతకం కూడా ఢిల్లీలోనే పడింది.