మన పిల్లలు మ్యూజియానికి వెళ్తున్నారా? ముందు గూడెంలో కూర్చుందాం



వరికోతలు అయిపోయి చలి ముదిరే రోజుల్లో మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఒక మాట తిరుగుతుంటుంది. ఎక్స్‌కర్షన్ ఉందంట, ఈసారి హైదరాబాద్ అంట, మ్యూజియం చూపిస్తారంట. ఆ మాట మీ చెవిన పడ్డ రోజే బడికి వెళ్లి హెచ్‌ఎంని కలవండి. బస్సు మాట్లాడేశాక, చూసే జాగాలు రాసేసుకున్నాక వెళ్తే మీ మాటకు విలువ ఉండదు. డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ పని అనే ఉద్దేశంతోనే రాస్తున్నాను.

పోడు పట్టాలు రాలేదు, జీవో 3ని సుప్రీంకోర్టు 2020లో కొట్టేశాక మన టీచర్ పోస్టుల సంగతి ఇంకా తేలలేదు, ఇప్పుడు ఈ మ్యూజియం గోల ఏంటన్నా అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాలి కూడా. నా జవాబు ఒక్కటే. ఆ బిల్డింగుల్లో మన గురించి ఎవరో రాసి పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్ల ఆ అట్టముక్క ముందు నిలబడి తన జాతి గురించి నాలుగు లైన్లు చదువుతుంది. పక్కనే నగరం స్కూలు పిల్లలు అదే చదువుతుంటారు, ఈ పిల్లను చూస్తుంటారు. ఆ పది నిమిషాల్లో ఆ పిల్ల తల దించుకుంటుందా, "ఇది మా తాత వాయించేది, ఇట్ల పట్టుకోరు" అని చెప్తుందా అనేది మనం ముందు ఏం చేశామన్న దాని మీద ఉంటుంది.

మామూలుగా ఈ టూర్లు ఎట్ల నడుస్తాయో మీకు తెలుసు. రాత్రంతా బస్సు. పొద్దున ఎక్కడో మొహాలు కడుక్కొని, జూ, చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ, ట్యాంక్‌బండ్, అన్నీ ఒక్క రోజులోనే. పిల్లలు నిద్రలో నడుస్తుంటారు. గిరిజన మ్యూజియం లిస్టులో ఉన్నా టైం చాలక వదిలేసేది ముందు దాన్నే. కాబట్టి మొదటి పట్టుదల దీని మీదే పెట్టండి: ఒక రోజుకు రెండే జాగాలు. పొద్దున పిల్లలు చురుగ్గా ఉన్నప్పుడు మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియం, మధ్యాహ్నం సాలార్‌జంగ్. మూడోది వద్దు. జూ కావాలని పిల్లలు ఏడిస్తే రెండో రోజు పెట్టించండి, వాళ్ల సంతోషం కూడా చూడాలి కదా.

రెండూ ఎందుకంటే, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం అంటే చాలావరకు ఒక దివాన్ల కుటుంబం కూడబెట్టిన సొత్తు. నిజాం దగ్గర దివాన్‌గా చేసిన మీర్ యూసుఫ్ అలీఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, 1949లో చనిపోయాడు. ఆయన సేకరణను 1951లో జనం చూడటానికి తెరిచారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగుకి మార్చారు. అక్కడ బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన రెబెక్కా బొమ్మ ఉంది. పాలరాతి మీద పల్చటి ముసుగు వేసుకున్న ఆడమనిషి. రాయే గుడ్డలాగా కనపడుతుంది. ఆ పనితనం నిజంగా గొప్పది, పిల్లలు నోరు తెరిచి చూస్తారు, చూడనివ్వండి. మనది కాదు కాబట్టి గొప్పది కాదు అని నేర్పొద్దు.

ఆ తర్వాత వాళ్లను కంచు విగ్రహాల దగ్గరికి తీసుకెళ్లండి. దక్షిణాది కంచు దేవుళ్లు ఎట్ల తయారవుతారు? ముందు మైనంతో బొమ్మ చేస్తారు, దాని మీద మట్టి పూస్తారు, కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. ఇప్పుడు మన ఆదిలాబాద్ ఉషేగావ్‌లో వోజరి కుటుంబాలు డోక్రా బొమ్మలు ఎట్ల చేస్తాయి? మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం పోయిన దారిలోకి లోహం పోస్తారు. లోపల మట్టి ఉంటుంది కాబట్టి బొమ్మ బోలుగా వస్తుంది, అదే తేడా. అసలు విద్య ఒక్కటే. కానీ ఒకదాన్ని శిల్పకళ అంటారు, ఇంకోదాన్ని గిరిజన హస్తకళ అంటారు. ఒకటి కళల మ్యూజియంలో పెడతారు, ఇంకోటి ఎగ్జిబిషన్ స్టాల్‌లో ధర చీటీ కట్టి అమ్ముతారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ ట్యాగ్ వచ్చింది, మంచిదే. కానీ జీఐ అంటే సరుకుకి ఊరి పేరు దక్కడం. చేసిన మనిషిని కళాకారుడు అనడం వేరే సంగతి. ఈ తేడా మనం లెక్చర్ ఇచ్చి చెప్పక్కర్లేదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూసిన పిల్లలను "ఈ రెండూ ఒకేలా చేసినవే, మరి వేరే వేరే చోట ఎందుకున్నాయి?" అని అడగండి చాలు.

ఇక గిరిజన మ్యూజియం. అక్కడ మనుషులంత బొమ్మలు పెట్టి గోండులు ఇట్ల ఉంటారు, కోయలు ఇట్ల ఉంటారు, చెంచులు ఇట్ల ఉంటారు అని చూపిస్తారు. మనలో కొందరికి దీని మీద కోపం ఉంది. మనల్ని బొమ్మల్ని చేసి నిలబెట్టిన చోటికి మన పిల్లల్నే తీసుకెళ్లాలా అంటారు. ఆ కోపం న్యాయమైనదే. బొమ్మకి సెల్‌ఫోన్ ఉండదు, కాలేజీ ఫీజు ఉండదు, గ్రామసభ ఉండదు, అది ఎప్పుడూ విల్లు పట్టుకునే ఉంటుంది. అయినా వెళ్లొద్దు అనే మాటను నేను ఒప్పుకోను. మనం వెళ్లకపోతే ఆ బొమ్మలు ఉండకుండా పోవు. వాటి ముందు నిలబడి మాట్లాడే ఆదివాసీ మాత్రం ఉండడు.

అందుకే ఊరి నుంచి ఒక పెద్దమనిషిని బస్సు ఎక్కించండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటాను అంటే ఇది గుర్తుంచుకోండి. డోలి వాయించే తాతో, వడ్డెనో, కథలు తెలిసిన అవ్వనో. కోయల్లో గట్టు ఏది, ఇంటిపేరు ఏది, వేల్పు ఏది అనే చరిత్ర డోలి వాళ్ల నోట్లో ఉంటుంది. మణుగూరు వైపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య తాత సమ్మక్క సారలమ్మల కథ డోలి మీద పాడేవారు, 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఆ తర్వాత ఆయన పోయారు. మార్లవాయి కనకరాజు తాతకు గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కూడా పోయారు. ఇట్లాంటి వాళ్లు ఉన్నప్పుడే పిల్లల పక్కన నిలబెట్టాలి. పెద్దమనిషి ఖర్చు రూల్సులో లేదు అని ఆఫీసులో అంటారు. రిసోర్స్ పర్సన్ అని రాసి అడగండి. కుదరకపోతే ఊళ్లో తలా ఇంత వేసుకుందాం.

ఆ పెద్దమనిషితో ముందే గూడెంలో ఒక సాయంత్రం కూర్చోండి, పిల్లలతో కలిసి. మన ఇళ్లల్లో ఉన్నవేంటి, ఎవరు చేశారు, దేన్ని ఎవరు ముట్టుకోవచ్చు, దేన్ని ఫోటో తీయకూడదు అనేది అక్కడే తేలాలి. పడిగె సంగతే తీసుకోండి. అది గుడ్డ మీద వేసిన వంశం కథ, వేల్పు పండగకి దానికి ఒక పద్ధతి ఉంటుంది. అట్లాంటిది గాజు పెట్టెలో కనిపిస్తే పిల్లలు ఏం చేయాలి? దండం పెట్టాలా, బొమ్మ గీయొచ్చా, సెల్ఫీ దిగొచ్చా? నాకు నచ్చినట్టు నేను చెప్పకూడదు, టీచర్ కూడా చెప్పకూడదు. గ్రామసభ చెప్పాలి. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని స్పష్టంగా రాసింది. ఇసుక ర్యాంపులకీ గనులకీ ఆ చట్టం పట్టుకుంటాం, దీనికి ఎందుకు పట్టుకోం?

ఈ ప్రశ్న మనకొక్కరికే కాదు. నాగాల పూర్వీకుల అవశేషాలు ఇంగ్లండ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం 2020లో మనిషి అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది, వాటిని ఇంటికి తెచ్చుకోవడానికి నాగా పెద్దలు మాట్లాడుతున్నారు. 2024 అక్టోబర్‌లో ఒక నాగా పుర్రెను అక్కడ వేలానికి పెడితే నాగాలాండ్ అంతా లేచింది, వేలం వాళ్లు వెనక్కి తీసుకున్నారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది చెప్పండి, అర్థమవుతుంది.

ఇంకో మనిషి పేరు బస్సులోనే చెప్పండి. జంగఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్ ఊరి పర్ధాన్. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడేది కూడా పర్ధాన్‌లే కదా. భోపాల్‌లో భారత్ భవన్ 1982లో మొదలయ్యే రోజుల్లో అతను గోడల మీద వేసిన బొమ్మలు చూసి పిలిపించారు. 1989కల్లా అతని బొమ్మలు పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌లో ఉన్నాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి అంత దూరంలో, అక్కడే చనిపోయాడు. కీర్తి ఒకవైపు, ఒంటరితనం ఇంకోవైపు. పెద్ద పిల్లలకు రెండూ చెప్పాలి, పేపర్లో వచ్చే విజయగాథలాగా సగమే చెప్పొద్దు.

ఇక కూలి పనుల్లాంటి పనులు చెప్తాను, ఇవి తప్పితే మిగతాదంతా దండగ. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. గిరిజన మ్యూజియానికి వారం ముందే ఫోన్ చేసి, బడి లెటర్‌హెడ్ మీద ఎంతమంది, ఏ టైం అని రాసి పంపండి. భద్రాచలం నుంచి మూడొందల కిలోమీటర్ల పైనే, కాబట్టి పగలు ప్రయాణం చేసి, రాత్రి ఏదైనా గిరిజన సంక్షేమ హాస్టల్‌లో బస అడగండి. పది మంది పిల్లలకు ఒక పెద్ద, ఆడపిల్లలుంటే మేడమ్ తప్పనిసరి, ఏఎన్ఎం వస్తే ఇంకా మంచిది. ప్యాడ్లు, వాంతులకు కవర్లు మర్చిపోవద్దు. సికిల్ సెల్ ఉన్న పిల్లలు మన బడుల్లో ఉంటారు. "వీడు రాలేడులే" అని వాళ్లను ఆపేయొద్దు. డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి, నీళ్లు గంట గంటకీ తాగించండి, మెట్లు ఎక్కించి పరిగెత్తించొద్దు, మందులు ఎవరి దగ్గర ఉన్నాయో ఇద్దరికి తెలియాలి. అంత దూరం రాలేని చిన్న తరగతులకు భద్రాచలం ఐటీడీఏలోని మ్యూజియం ఉంది, అరకు వైపు వాళ్లకు అరకులో ఉంది, ఆసిఫాబాద్ వాళ్లకు జోడేఘాట్ ఉంది. పద్ధతి అదే.

లోపలికి వెళ్లాక అన్ని గదులూ తిప్పొద్దు. ఒక్కో గుంపు మూడు వస్తువులు ఎంచుకొని ఒక్కోదాని ముందు పావుగంట కూర్చోవాలి. నోట్‌బుక్‌లో ఇవి రాసుకోవాలి: చేసిన మనిషి పేరు ఉందా? ఊరి పేరు ఉందా? ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు తెచ్చారో ఉందా? మన భాషలో దాని పేరు ఉందా? రెబెక్కా దగ్గర బెంజోని పేరు ఉంటుంది. మన డోలు దగ్గర ఏముందో పిల్లలే చూసి రాస్తారు. సాలార్‌జంగ్‌లో గంటల గడియారం దగ్గర మాత్రం ఎవరినీ ఆపలేరు, ఆ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే మీరు కూడా చూడండి. పన్నెండింటికే చూడాలని తోసుకోవద్దు, మూడింటికి వెళ్తే మూడు దెబ్బలు కొడుతుంది, జనం తక్కువ.

తిరిగి వచ్చాక వ్యాసం రాయమని పిల్లల్ని చంపొద్దు. బొమ్మలు వేయించండి. జంగఢ్ మేనల్లుడు భజ్జు శ్యామ్ ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లాడు. వచ్చి ఆ ఊరిని గోండు కంటితో గీశాడు, అక్కడి పెద్ద గడియారం కోడిపుంజు అయింది, బస్సు కుక్క అయింది. 2004లో అది పుస్తకమై వచ్చింది, 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన పిల్లలు మాసబ్ ట్యాంక్ ట్రాఫిక్‌ని, మ్యూజియం సెక్యూరిటీ అన్నని, గాజు పెట్టెలో ఉన్న కోయ బొమ్మని ఎట్ల గీస్తారో చూద్దాం. వాళ్లు మనల్ని చూసిందే చాలాకాలం సాగింది.

ఆ నోట్‌బుక్కుల్లో రాసిందంతా కలిపి మ్యూజియం వాళ్లకు ఒక ఉత్తరం రాయించండి. తిట్టొద్దు, అడగండి. ఈ వస్తువు ఏ ఊరిది? చేసినవాళ్ల పేరు పెడతారా? కోయలో, గోండిలో పేర్లు రాస్తారా? రాయడం కుదరదు అనడానికి కుదరదు. మార్లవాయిలో 1940ల్లోనే గోండిలో చదువు చెప్పారు, గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్ కూడా వచ్చింది. ఈ వేల్పు వస్తువు చూపించడానికి మా పెద్దల్ని అడిగారా అనే ప్రశ్న గ్రామసభ తీర్మానంతో కలిపి వెళ్లాలి, పిల్లల పేరు మీద కాదు. జవాబు నెలలో రాకపోతే ఐటీడీఏ పీవోకి కాపీ పెట్టి మళ్లీ రాయండి. మొదటి ఉత్తరం కాపీ ఒకటి బడిలో, ఒకటి గ్రామసభ రిజిస్టర్‌లో అంటించి ఉంచండి. వచ్చే ఏడు వెళ్లే పిల్లలు దాన్ని చదువుకొని బస్సు ఎక్కుతారు.